పళ్ళ డాక్టరుగారి పాటల మేడ

ఆ సందులోంచి రాత్రిపూట వెళ్తే పన్ను నొప్పి పట్టుకుంటుందని చెప్పుకునేవాళ్ళు.

మామూలుగా దెయ్యాలున్న కొంపల దగ్గర గజ్జెల చప్పుడో, ఏడుపో వినిపిస్తుంది. ఇక్కడ అవేవీ కావు. రొట్టెల షాపాయన షట్టరు దించి, సైకిలెక్కి ఆ మేడ ముందుకొచ్చేసరికి పై అంతస్తు చీకట్లోంచి సన్నగా — ర్‌ర్‌ర్... అని మొదలయ్యేదట. పళ్ళు తొలిచే మిషను చప్పుడు. ఆ తర్వాత ఎవరో ఆడగొంతు పాట ఎత్తుకునేది. చరణం సగంలో ఠక్కున ఆగేది. మళ్ళీ — ర్‌ర్‌ర్...

రొట్టెలాయన ఒక చేత్తో చెంప పట్టుకుని, ఒక చేత్తో హ్యాండిల్ పట్టుకుని తొక్కుకుంటూ పారిపోయేవాడు. తెల్లారేసరికి నిజంగానే దవడ వాచేది. రోజూ మిగిలిపోయిన కేకులన్నీ ఆయనే తింటాడన్న సంగతి మాత్రం ఎవరికీ గుర్తు రాలేదు.

మేడ పళ్ళ డాక్టరుగారిది. కింద ఆసుపత్రి, పైన పాటలు. పాటలంటే మాటవరసకి కాదు — నేల నుంచి కప్పుదాకా గ్రామఫోను రికార్డులే. పగలు జనం పళ్ళు పీకేవాడు, రాత్రి పైకెక్కి రికార్డులు వినేవాడు. ఆయన పోయింది కూడా పేషెంట్ల కుర్చీలోనే. మధ్యాహ్నం భోంచేసి, కుర్చీ వెనక్కి వాల్చుకుని కునుకు తీసినవాడు మళ్ళీ లేవలేదు. బతికున్నంతకాలం ఊళ్ళో వాళ్ళందరిచేతా నోళ్ళు తెరిపించిన మనిషి, తను నోరు తెరుచుకునే పోయాడు. దాన్ని మూయించడానికి నలుగురు మనుషులు పట్టారని చెప్పుకుంటారు. అంత గట్టిగా ఏదో చెప్పబోతూ పోయాడని... చెప్పనిదే వదలడని...

సరే. ఆ మేడలోకి కోరి అడుగుపెట్టిన మనిషి సాఫ్ట్‌వేరమ్మ.

ఆమె అసలు పేరుతో ఆ సందులో ఎవరికీ పని పడలేదు. పెద్ద కంపెనీలో ఉద్యోగం మానేసి, ఇంట్లో కూర్చుని సొంతంగా ఒక సాఫ్ట్‌వేర్ రాసుకుంది. రికార్డులు ఎన్ని ఉన్నా ఒక్కొక్కటీ అందులో ఎక్కించుకోవచ్చు — పాడినవాళ్ళు, పాట, ఏ బీరువా, ఏ అర, గీతలు పడ్డాయా లేదా, అన్నీ. తర్వాత ఒక్క మాట కొడితే చాలు, ఏ అరలో ఉందో చెబుతుంది. దానికి ‘దొరికింది’ అని పేరు పెట్టుకుంది. వెతికినది కనిపిస్తే తెర మీద ‘దొరికింది’ అని పడేది. కనిపించకపోతే ‘దొరకలేదు, క్షమించండి’ అని పడేది.

ఇప్పటిదాకా దాన్ని వాడినవాళ్ళు మాత్రం ఎవరూ దొరకలేదు. ఆమె మొగుడు ఆస్పత్రిలో నర్సు, నైట్ డ్యూటీ చేసి పొద్దున్నే ఇంటికొచ్చి చెప్పులు విప్పుతూ అడిగేవాడు — "ఏం, దొరికిందా?"

"క్షమించండి" అనేది ఆమె.

అలాంటి రోజుల్లో డాక్టరుగారి తమ్ముడు ఫోన్ చేశాడు. ఆయన కాంట్రాక్టరు. మేడలో సగం వాటా ఆయనది, సగం వదినది. మేడ పడగొట్టి ఫ్లాట్లు కట్టాలని ఆయన తాపత్రయం. ముందు ఆ రికార్డుల గొడవ వదిలించుకుందామని చూస్తే, కొనేవాడు ఏమేం ఉన్నాయో చెప్పమన్నాడు. చెప్పగలిగిన ఒకే ఒక్క మనిషి నోరు తెరుచుకుని వెళ్ళిపోయాడు.

"దెయ్యం గియ్యం అంటారు మేడమ్, పట్టించుకోకండి. మా అన్న బతికున్నప్పుడే ఎవర్నీ భయపెట్టలేదు, ఇప్పుడేం భయపెడతాడు" అన్నాడు కాంట్రాక్టరు, ముందు తలుపుకి కొబ్బరికాయంత తాళం తగిలిస్తూ. అంటూనే గుమ్మం దాటి ఒక్క అడుగు కూడా లోపలికి వేయలేదు. తాళంచెవి ఒకటి తన జేబులో వేసుకుని, రెండోది ఆమెకిచ్చాడు. కిందనున్న వెనక తలుపు ఎప్పుడో తుప్పుపట్టి బిగుసుకుపోయిందట, దాని జోలికి పోవద్దన్నాడు.

సందు మొదట్లో తాళాలు బాగుచేసే షాపు ఉంది. ఆ తాళాలాయనకి అరవై దాటాయి. మనిషి సన్నం, మీసం దట్టం. ఆమె చేతిలో తాళంచెవి చూడగానే కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకున్నాడు.

"ఆ మేడకా అమ్మాయీ?" అన్నాడు గొంతు తగ్గించి. "వెళ్ళు... వెళ్తే వెళ్ళు. దీపాలు వెలిగే వేళకి మాత్రం బయటపడు. చీకటి పడ్డాక అక్కడ ఉండేవాళ్ళు వేరు."

"మీరు చూశారా?"

"చూసినవాణ్ణయితే నీతో మాట్లాడుతూ ఉంటానా..." అని, మళ్ళీ ఆకురాయి అందుకున్నాడు.

పైకి వెళ్ళి చూశాక ఆమెకి దెయ్యం సంగతి మర్చిపోయేంత పని కనిపించింది. రికార్డులు సర్దిన పద్ధతి అలాంటిది. పాటల వరసలో లేవు, పాడినవాళ్ళ పేర్ల వరసలో లేవు, ఏళ్ళ వరసలోనూ లేవు. ప్రతి అరకీ డాక్టరుగారు తన చేత్తో చీటీ అంటించాడు — ‘ముందు పళ్ళలో సందు’. ‘కట్టుడు పళ్ళు’. ‘జ్ఞానదంతం పీకించుకోవాల్సిన వాళ్ళు’. ‘పళ్ళు బాగున్నాయి, పాట బాగులేదు’.

పాట వింటూ పాడేవాళ్ళ పళ్ళు పసిగట్టేవాడన్నమాట. గాలి ఎక్కడ జారుతోంది, నాలుక ఎక్కడ తగులుతోంది — దాన్నిబట్టి ఎవరి నోట్లో ఏం తేడా ఉందో తేల్చి, ఆ అరలోకి తోసేవాడు. ఎంతో పేరున్న ఒక గాయని రికార్డులన్నీ ‘చిగుళ్ళ జబ్బు’ అరలో ఉన్నాయి.

సాఫ్ట్‌వేరమ్మ నడుముకి చున్నీ బిగించుకుని, తన సాఫ్ట్‌వేర్‌లో ‘పళ్ళు’ అని ఒక గడి కొత్తగా చేర్చి, పని మొదలుపెట్టింది.

మధ్యాహ్నాలు డాక్టరుగారి భార్య వచ్చేది. ఎదురుగా ఉన్న అపార్టుమెంటులో ఒక్కతే ఉంటోంది. పొట్టి మనిషి, మాట తక్కువ. సాఫ్ట్‌వేరమ్మకి ఫ్లాస్కులో టీ తెచ్చి, గుమ్మం దగ్గరే నిలబడి ఇచ్చి వెళ్ళిపోయేది.

"లోపలికి రండి పిన్నిగారూ."

"అమ్మో, నేను రాను. నాకు పాటలంటే పడదు అమ్మాయీ" అనేది. "ఆయన ఉన్నన్నాళ్ళూ ఇవి ముట్టుకోనిచ్చేవారు కాదు. నీ చేతులకి వంటింటి జిడ్డు అనేవారు. ఇప్పుడు ముట్టుకుని ఏం చేసుకోను."

"మరి ఇవన్నీ అమ్మేస్తుంటే మీకేం అనిపించట్లేదా?"

"మా మరిది సంతకం పెట్టమంటాడు. నేను తల ఊపుతాను. ఆయన వెళ్ళిపోతాడు. మళ్ళీ వస్తాడు, మళ్ళీ తల ఊపుతాను." ఇంతే చెప్పి ఖాళీ ఫ్లాస్కు పట్టుకుని మెట్లు దిగిపోయేది.

అంతవరకూ బాగానే ఉంది.

ఒకరోజు పొద్దున సాఫ్ట్‌వేరమ్మ తాళం తీసి, బల్ల మీద వదిలి వెళ్ళిన కంప్యూటరు తెరిచింది. అంతకు ముందు వెతికిన మాటలు తెర పక్కన వరసగా కనిపించేలా తనే పెట్టుకుంది. ఆ వరసలో తను కొట్టని మాటలు ఉన్నాయి.

‘జంట గొంతులు’.

‘వాన’.

‘జంట గొంతులు నెమ్మదిగా’.

ఆమె తలుపు వైపు చూసింది. తాళం పొద్దున తనే తీసింది. కిటికీలు లోపలి గడియలతో ఉన్నాయి. తాళంచెవి ఉన్న రెండో మనిషి ఈ మేడ గుమ్మం దాటడానికే జంకుతాడు.

కిందికి దిగి వెనక తలుపు చూసొచ్చింది. బిగిసే ఉంది. మధ్యలో పేషెంట్ల కుర్చీ... నిన్న నిటారుగా ఉన్నట్టు గుర్తు. ఇవాళ కొంచెం వాలి ఉంది.

పారిపోదామనే అనుకుంది. చెప్పులు కూడా వేసుకుంది. అప్పుడు కనిపించింది, తెర అడుగున. ‘మీ అభిప్రాయం రాయండి’ అని ఆమె ఎంతో ఆశగా పెట్టుకున్న గడి. పుట్టినప్పటినుంచీ ఖాళీగా ఉన్న గడి. అందులో ఎవరో రాశారు —

‘అక్షరాలు చీమల్లా ఉన్నాయి. పెద్దవి చెయ్యగలరు.’

వెన్నులో చల్లగా పాకింది. నిజమే. కానీ ఆ చలి వెనకాలే ఇంకోటి కూడా పాకింది — సంతోషం. ఎవరో వాడారు. వాడి, ఏం బాగులేదో మర్యాదగా చెప్పారు. ఇన్నాళ్ళలో బతికున్న ఒక్క మనిషి కూడా ఆ పని చేయలేదు.

చెప్పులు విప్పేసి, కూర్చుని, అక్షరాలు పెద్దవి చేసింది.

మర్నాడు వస్తూనే తెరిచింది. ‘చాలా సంతోషం. ఇప్పుడు కళ్ళజోడు లేకుండా కనిపిస్తోంది. వాన పాటలన్నీ ఒకచోట చూపిస్తే ఇంకా బాగుంటుంది.’

వాన పాటలు ఒకచోట చూపించింది.

ఆ వారమంతా అలాగే గడిచింది. పగలు ఆమె రాసేది, రాత్రి ఎవరో వాడేవాళ్ళు. మొగుడికి చెబితే, సబ్బు నురగ మొహంతో అద్దంలోంచి చూసి, "మంచిదే కదా. బతికున్నవాళ్ళకి తీరిక ఎక్కడిది" అన్నాడు. కాసేపాగి, "పన్ను నొప్పి ఏమైనా ఉందా?" అని కూడా అడిగాడు. ఆ మాటలు తెర మీద కనిపించిన రోజు నుంచీ ఆమెకి కుడి దవడలో సన్నగా లాగుతున్న మాట నిజం. చెప్పలేదు.

శుక్రవారం పొద్దున గడిలో ఒక్క వాక్యం ఉంది.

‘ఇవన్నీ ఎప్పుడు తీసుకుపోతారు?’

ఆమె చాలాసేపు దాని ముందు కూర్చుంది. జవాబు తెలుసు. ఆదివారం లారీ వస్తోందని కాంట్రాక్టరు ముందు రాత్రే చెప్పాడు. వదిన సంతకం సంగతి తర్వాత చూసుకుంటాడట. ఆ జవాబు ఆ గడిలో రాయడానికి చేతులు రాలేదు. ఎవరికి రాస్తున్నట్టు? నోరు తెరుచుకుని పోయినాయనకా?

వాడే మనిషి మొహం ఒక్కసారైనా చూడకుండా ఈ పని ముగించలేననిపించింది. దెయ్యమైతే దెయ్యమే.

ఆ సాయంత్రం బయటికి వచ్చి, అందరికీ కనిపించేలా తాళం వేసి, తాళాలాయనకి వినిపించేలా "వెళ్ళొస్తానండీ" అని చెప్పి, ఒక చుట్టు తిరిగి మళ్ళీ వచ్చింది. పక్కింటి గోడ ఎక్కి, పైనున్న చిన్న వరండాలోకి దిగింది. కిటికీ గడియ పగలే తీసి పెట్టుకుంది. ‘కట్టుడు పళ్ళు’ బీరువా వెనక దూరి, మోకాళ్ళు ముడుచుకుని కూర్చుంది.

చీకటి పడింది. సందులో రొట్టెల షాపు షట్టరు పడింది. సైకిలు ఒకటి మేడ ముందు నుంచి చాలా వేగంగా వెళ్ళిపోయింది.

తర్వాత ఏ చప్పుడూ లేదు.

పాత అట్టల వాసన. ఎక్కడో చెక్క పురుగు గీకుతోంది... కాదు, చెక్క పురుగు కాదు. కింద. తుప్పు పట్టిందన్న తలుపు — చిన్న మూలుగు కూడా లేకుండా — తెరుచుకున్న గాలి తగిలింది ఆమెకి.

ఉస్స్స్...

పేషెంట్ల కుర్చీ. ఎవరో ఎక్కినట్టు, ఎత్తుకి లేస్తోంది.

మెట్ల మీద అడుగులు. బరువుగా ఒకటి... దాని వెనకాల తేలిగ్గా ఇంకొకటి. ఆమె రెండు చేతులతో నోరు మూసుకుంది. గదిలోకి వచ్చాయి. లైటు వెలగలేదు. కంప్యూటరు తెర మాత్రం నీలంగా వెలిగింది. తర్వాత, చెవికి రెండడుగుల దూరంలో —

ర్‌ర్‌ర్...

దవడ కలుక్కుమంది.

అప్పుడు వినిపించింది ఆ గొంతు. పిన్నిగారి గొంతు. పగలు గుమ్మం దగ్గర వినే గొంతు కాదు. ఎన్నో ఏళ్ళు వెనక్కి వెళ్ళిన గొంతు.

"ఏవండీ... నిన్న సగంలో ఆపిన వాన పాట వెయ్యరూ."

మగ మనిషి సన్నగా దగ్గాడు. అదే జవాబు.

సాఫ్ట్‌వేరమ్మకి కళ్ళు బైర్లు కమ్మాయి. ఏవండీ అంటోంది. పోయిన మొగుణ్ణి పిలుస్తోంది. ఆయన వచ్చి పలుకుతున్నాడు...

"ఎక్కడుందో చూడండి మరి" అన్నాడు ఆ మగ గొంతు, గుసగుసగా.

కీబోర్డు మీద ఒక్కొక్క అక్షరమే పడిన చప్పుడు. టక్. చాలాసేపటికి, టక్. ఆపైన పిన్నిగారు నిట్టూర్చింది.

"ఇదేంటి, దొరకలేదు క్షమించండి అంటోంది. నిన్న దొరికిందిగా. ఈ అమ్మాయి ఏదో పాడుచేసినట్టుంది."

బీరువా వెనక సాఫ్ట్‌వేరమ్మ పళ్ళు బిగబట్టింది. భయమంతా ఒకపక్క, ఈ మాట ఒకపక్క. రెండో పక్కే బరువు తూగింది.

"పాడుచేయలేదు పిన్నిగారూ" అంది చీకట్లోంచి. "మీరు అక్షరం తప్పు కొట్టుంటారు. వాన అంటే ‘న’, ‘ణ’ కాదు."

ఆ మేడలో నిజమైన దెయ్యం కేక వినిపించింది ఆ ఒక్కసారేనని తర్వాత ముగ్గురూ ఒప్పుకున్నారు. పిన్నిగారు కుర్చీలో చతికిలబడింది. మగ మనిషి చేతిలో టార్చి కిందపడి, దొర్లి, ఆయన మొహం మీదికే వెలుగు తిప్పింది.

దట్టమైన మీసం. నుదుటి మీద కళ్ళజోడు. తాళాలాయన.

ఊపిరి అందాక, దాహం తీరాక, నెమ్మదిగా సంగతులు బయటపడ్డాయి. ఆ మిషను చప్పుడు పాత ప్లేయరు మోటారుది. పాట సగంలో ఆగడం పిన్నిగారి పని.

"నచ్చకపోతే తీసేస్తాను, మనసైతే మళ్ళీ పెట్టించుకుంటాను" అంది ఆవిడ. "ఆయన దగ్గర నచ్చినా నచ్చకపోయినా చివరిదాకా కూర్చోవాలి. కదలకూడదు. దగ్గకూడదు. అయిపోయాక పళ్ళ సంగతి చెప్పేవారు. పెళ్ళయిన కొత్తలో నేనొకసారి కూనిరాగం తీస్తే, నీకు కింద వరసలో మూడోది పుచ్చింది అన్నారు. మళ్ళీ తీయలేదు."

తాళాలాయనకీ రికార్డుల పిచ్చే. పాత సామాన్ల అంగట్లో ఒక రికార్డు మీద డాక్టరుగారూ ఆయనా ఒకేసారి చెయ్యి వేసి, ఆ తర్వాత ఇద్దరూ ఎప్పుడూ మాట్లాడుకోలేదు. డాక్టరుగారు పోయాక, తాళంచెవి దొరకని బీరువా ఒకటి తెరవడానికి పిన్నిగారు ఆయన్ని పిలిచింది. తెరిచాడు. లోపల ఆ రికార్డే ఉంది. విందామా అన్నాడు. విన్నారు. వెనక తలుపుకి నూనె పట్టించి, బయటివైపు తాళం అమర్చాడు. అంతే.

"దెయ్యం పుకారు?"

"నేనే పుట్టించాను" అన్నాడు తాళాలాయన తల దించుకుని. "జనం రాకుండా. ఆ రొట్టెలాయన దవడ మాత్రం నేను వాపించలేదు."

"ఏవండీ అంటున్నారు..." అంది సాఫ్ట్‌వేరమ్మ, ఎటూ చూడకుండా.

పిన్నిగారు కొంగు సర్దుకుంది. "మరేమని పిలవను ఈ వయసులో? పేరు పెట్టి పిలిస్తే సిగ్గేస్తుంది." తర్వాత గొంతు మారింది. "అమ్మాయీ, నేను సంతకం పెట్టకుండా ఇన్నాళ్ళూ తల ఊపుతూ నెట్టుకొచ్చాను. మా మరిదికి ఈ సంగతి తెలిస్తే... నలుగుర్నీ పోగేసి నా పరువు బజారుకీడుస్తాడు. సంతకం అదే పడుతుంది. నువ్వు ఆయన మనిషివి. చెబుతావా?"

"నేను ఎవరి మనిషినీ కాను" అంది సాఫ్ట్‌వేరమ్మ. కాస్త ఆలోచించి, "నాకున్నది మీరిద్దరే. వాడేవాళ్ళు" అంది.

కుర్చీ లాక్కుని, ఎలా వెతకాలో ఓపిగ్గా చూపించింది. పిన్నిగారు చిన్నపిల్లలా ఒక్కో మాట కొట్టిస్తూ పోయింది. చివరికి, ఎందుకో, "ఆయన గొంతు ఉందేమో చూడు" అంది.

సాఫ్ట్‌వేరమ్మ కొట్టింది. దొరికింది. ఆ మధ్యాహ్నమే ఎక్కించిన రికార్డు, చూసుకోలేదు. బడిపిల్లల కోసం ఎప్పుడో డాక్టరుగారు చేయించిన ప్రసంగం — పళ్ళు ఎలా తోముకోవాలో. ‘పళ్ళు’ గడిలో ఆయన చీటీ మీది మాటే: ‘దోషం లేదు’.

"తనకి మాత్రం దోషం లేదు" అంది పిన్నిగారు. తాళాలాయన లేచి, అర వెతికి, రికార్డు తీసుకొచ్చాడు. "వేయమంటారా?"

"వద్దు. విన్నది చాలు."

అప్పుడే సందులో కారు ఆగింది.

కిటికీ సందులోంచి చూస్తే — కాంట్రాక్టరు. చేతిలో పెద్ద టార్చి. ఫోన్లో ఎవరితోనో గట్టిగా అంటున్నాడు, తనకి ధైర్యం వచ్చేలా. "దెయ్యమూ లేదు, ఏమీ లేదు సార్. ఇప్పుడే పైకెక్కి, అన్ని గదులూ చూపిస్తా మీకు వీడియోలో. ఆదివారం లారీ పంపించండి..."

కింద కొబ్బరికాయంత తాళం తెరుచుకుంది.

పిన్నిగారి మొహంలో రక్తం లేదు. కంప్యూటరు మూసేసింది సాఫ్ట్‌వేరమ్మ. టార్చి ఆర్పేశారు. మొత్తం చీకటి. వెనక తలుపుకి పోవాలంటే కిందికే దిగాలి, కింద ఆయనున్నాడు.

"ఏవండీ" అంది పిన్నిగారు ఊపిరితో. "ఆ రికార్డు వెయ్యండి."

తాళాలాయన ప్లేయరు వైపు తడుముకుంటూ వెళ్ళడం వినిపించింది. మెట్ల మీద బూట్లు. ఒకటి... ఆగి... ఇంకొకటి. వెలుగు గుమ్మం మీద పడింది, గోడ మీద పాకింది, ‘చిగుళ్ళ జబ్బు’ అర మీద నిలిచింది.

అప్పుడు గదిలోంచి గొంతు వచ్చింది. తొందరలేని గొంతు. నవ్వీ నవ్వని గొంతు.

"నోరు తెరువు."

వెలుగు ఆగిపోయింది.

"ఇంకా... ఇంకొంచెం తెరువు, చిన్నోడా. ఏం కాదు. ఊఁ... చాలా లోపలికి పుచ్చింది. వదినదాకా వచ్చేసింది. పీకెయ్యాల్సిందే."

కాంట్రాక్టరు అరవలేదు. అరవడానికి నోరు తెరవాలి కదా, అదే చేయదలుచుకోలేదు ఆయన. రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని మెట్లన్నీ ఎలా దిగాడో దిగాడు. కారు తలుపు వేసుకోకుండానే సందు దాటేసింది. లారీ రాలేదు. ఆ తర్వాతి వారం తన వాటా కూడా వదిన పేరున రాసిచ్చేశాడు. ఎందుకని ఎవరడిగినా, పెదాలు బిగించి, అన్నయ్య కోరిక అని మాత్రం ముక్కుతో చెప్పేవాడు. అది తర్వాతి మాట.

ఆ రాత్రి మాత్రం కారు చప్పుడు దూరమయ్యేదాకా చీకట్లో ముగ్గురూ ఊపిరి బిగబట్టుకుని ఉన్నారు. ముందు పిన్నిగారికి నవ్వొచ్చింది. ఆపుకోలేక కుర్చీ చేతి మీద కొడుతూ నవ్వింది. సాఫ్ట్‌వేరమ్మ కూడా నవ్వింది, దవడ పట్టుకుని.

"బడిపిల్లల రికార్డే అయినా ఎంత సరిగ్గా అతికింది" అంది. "చిన్నోడా అన్నాడు చూశారా. వదిన అన్నట్టు కూడా వినిపించింది నాకు. ఇక ముల్లు తీసెయ్యండి బాబాయిగారూ, అరిగిపోతుంది."

తాళాలాయన పలకలేదు.

"బాబాయిగారూ?"

"అమ్మాయీ..." అన్నాడాయన. గొంతు ప్లేయరు వైపు నుంచి రాలేదు. గదికి ఇటు చివర, గోడ పక్క నుంచి వచ్చింది. "చీకట్లో దారి తప్పాను. ప్లేయరు ఎక్కడుందో ఇంకా దొరకలేదు."

సాఫ్ట్‌వేరమ్మ టార్చి వెలిగించింది. ఆయన గోడకి ఆనుకుని ఉన్నాడు. రికార్డు ఆయన గుండెకి అదుముకుని ఉంది, అట్ట కవరులోనే, దారం ముడి కూడా విప్పకుండా. గదికి అటు చివర ప్లేయరు మీద మూత వేసే ఉంది.

నవ్వు ఎవరిది ముందు ఆగిందో తెలియదు.

పిన్నిగారు లేచి నిలబడింది. వెళ్ళి తాళాలాయన పక్కన నిలబడి, ఆయన చెయ్యి పట్టుకుంది. చీకటి వైపు తిరిగి, వంటింట్లోంచి హాల్లోకి మాట్లాడినట్టు మామూలుగా అంది.

"అంతా చూస్తూనే ఉన్నారన్నమాట. మంచిది. మీ తమ్ముడికి చెప్పినందుకు సంతోషం. ఇక మీరు వెళ్ళి పడుకోండి."

కాసేపు ఏమీ లేదు.

కింద, ఆసుపత్రిలో... ఉస్స్స్... కుర్చీ వెనక్కి వాలింది. తర్వాత మెట్ల మీదుగా ఆ గొంతే తీరిగ్గా పైకి వచ్చింది.

"తర్వాత ఎవరు?"

ముగ్గురూ గట్టిగా నోళ్ళు మూసుకున్నారు.